రెండు మాటల సాక్ష్యం

ఆరు కిలోల ఉల్లిపాయల్లో నాలుగో కిలో తరుగుతున్నప్పుడు మా అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి, “మెర్సీ, సాయంత్రం నువ్వు కూడా రెండు మాటలు సాక్ష్యం సెప్పాలమ్మా” అంది.

“నేనా? నేనేటి సెప్పాలత్తయ్యా?”

“ఏటేటి? మా ఆయన ఆ కంపైలరు కోసం ఆరేళ్ళు నిద్దర మానుకుని కష్టపడ్డాడు, దేవుడు ఫలితం ఇచ్చేడు అని సెప్పు. పెళ్ళాం నోటంట వస్తే నిండుగుంటాది. పాస్టరుగారి కాగితంలో నీ పేరు రాయించేసేను కూడాను.”

కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఉల్లిపాయల వల్లే. మోచేత్తో తుడుచుకుని సరే అన్నాను. ఈ ఇంట్లో నా నోటికి మొదట వచ్చే మాట అదే. ఏమడిగారో పూర్తిగా వినకముందే వచ్చేస్తుంది.

గజపతినగరంలో మా ఇంటి ముందు అప్పటికే షామియానా వేస్తున్నారు. మా ఆయన సంజయ్‌కి డాక్టరేట్ వచ్చింది. మా సంఘంలో ఎవరికి ఏ మేలు జరిగినా ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెడతారు. ఉద్యోగం వచ్చినా, బోరులో నీళ్ళు పడినా, ఆసుపత్రి నుంచి మనిషి క్షేమంగా ఇంటికొచ్చినా అంతే. పాటలు పాడి, ప్రార్థన చేసి, మేలు పొందినవాళ్ళూ వాళ్ళ తాలూకు మనుషులూ లేచి సాక్ష్యం చెబుతారు. తరవాత భోజనాలు. అరవై మందికి వంటమనిషిని పెడదామని మావయ్య సత్యానందంగారు అంటే, “ఎందుకు దండగ, మెర్సీ ఉంది కదా. నాలుగింటికి చర్చి సమాజం ఆడోళ్ళు వచ్చి సెయ్యేస్తారు” అంది అత్తయ్య. నాలుగింటికి వచ్చేవాళ్ళు ఉల్లిపాయలు తరగరు. కట్టిన చీర నలగకుండా అరిటాకులు తుడుస్తారు.

సాక్ష్యం విషయంలో మాత్రం మా అత్తయ్యకి కచ్చితమైన మనిషని పేరు. రెండేళ్ళ కిందట ఒక కూడికలో కూర్మయ్య తాత లేచి, కల్లు మానేసి ఆర్నెల్లయిందని సాక్ష్యం చెబుతుంటే ఈవిడ మధ్యలో లేచి నిలబడింది. “మావా, మొన్న సంతరోజున నిన్ను సూసేను. తాగితే తాగేవు, సాక్ష్యంలో అబద్ధం ఆడకు. కూకో” అంది. అంతమందిలో ముసలాయన కూర్చుండిపోయాడు. ఆ తరవాత నిజంగానే మానేశాడని చెప్పుకుంటారు. అప్పటి నుంచి మా అత్తయ్య రాజకుమారమ్మ ఎదురుగా కూర్చుంటే సాక్ష్యం చెప్పేవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటారు.

అలాంటి మనిషి నన్ను అబద్ధం చెప్పమంటోంది. అది అబద్ధమని ఆవిడకి తెలియదు. నేను ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నప్పుడల్లా అడిగినవాళ్ళకి ఆవిడ చెప్పేది ఒకటే: “మా వోడి పని టైపు సేసి పెడతాది.”

టైపు చేయడమే. పదకొండు వేల లైన్లు.

మాది పలాస దగ్గర పల్లెటూరు. మా అమ్మ జీడిపప్పు ఏరడానికి వెళ్ళేది. బడి నుంచి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ముందున్న రాశిలోంచి గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు వేసేది. ఆమె ఆలోచిస్తున్నట్టు ఉండేది కాదు. వేళ్ళే తేల్చేసేవి. అంతకుముందు గింజలు కొట్టినప్పుడు జీడి పాలు తగిలి వేలికొసలు నల్లగా మాడిపోయి ఉండేవి. ఇంజనీరింగ్‌లో కంపైలర్ పాఠం మొదలైన రోజున, మనిషి రాసిన ప్రోగ్రాంని ముందుగా అక్షరం అక్షరం చదివి, ఇది పేరు, ఇది అంకె, ఇది గుర్తు అని వేరు చేయాలి అని సార్ చెబుతుంటే నాకు అమ్మ వేళ్ళు కనిపించాయి. క్లాసులో అందరూ విసుక్కున్న ఆ పాఠం నాకు ఇంటి సంగతిలా అనిపించింది. వేరు చేసినవాటిని చెట్టు కొమ్మల్లా అమర్చడం, ఏది దేనికి లోబడి ఉందో చూడడం, చివరికి చిప్‌కి అర్థమయ్యే ఆదేశాలుగా దించడం. ఒక మనిషి ఉద్దేశం ఇంకో చోటికి చెడకుండా చేరాలి. ఆ పని ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా చేయాలో అని ఆశ్చర్యపోయేదాన్ని.

చదువయ్యాక సంజయ్ పనిచేసే కాలేజీలోనే లాబ్‌లో చేరాను. పెళ్ళయింది. హేమ కడుపున పడింది. “ఇద్దరూ కాలేజీకి పోతే ఇంట్లో ఎవరుంటారు?” అన్నారు. ఆ ప్రశ్న నా ఒక్కదానివైపే చూసి అడిగారు.

న్యాయంగా చెప్పాలంటే ఆలోచన సంజయ్‌దే. మావయ్య ముప్ఫై ఏళ్ళు జూట్ మిల్లులో పనిచేశారు. మగ్గానికి బిగించే కంట్రోలర్‌లో చిన్న మార్పు కావాలన్నా బయటినుంచి ఇంజనీరు వచ్చేదాకా మేస్త్రీలు చేతులు కట్టుకుని నిలబడేవారట. మేస్త్రీ తనకి తెలిసిన మాటల్లోనే, పోగు తెగితే ఆపు, పది తెగితే గంట కొట్టు అని రాసుకునే ఒక చిన్న భాష, దాన్ని చిప్‌కి దించే కంపైలర్. ఇదీ ఆయన పరిశోధన. నలభై పేజీలు బాగా రాశాడు. కంపైలర్ మాత్రం నడవలేదు. “మెర్సీ, ఇది కొంచెం సూడవే, ఎక్కడో ఆగిపోతంది” అన్నాడు ఒకరోజు. చూశాను. నాలుగేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

పగలు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నా సమయం. అందరూ తినేసి బయటికి పోయాక, హేమ బడికి వెళ్ళాక, మావయ్య రెండో పూట మందుబిళ్ళ అడిగేలోపు. ఆ రెండు గంటల్లోనే భాషకి వ్యాకరణం రాశాను. మేస్త్రీ తప్పు రాస్తే కంపైలర్ అక్కడే చచ్చిపోకుండా, ఆ వాక్యం చివరి గుర్తు దాకా కళ్ళు మూసుకుని దాటేసి, తరవాతి వాక్యం నుంచి మళ్ళీ మామూలుగా చదివేలా చేశాను. అది నాకు కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. “మీ అమ్మ నీకు పప్పు ఏరడవే నేర్పిందా, వండడం నేర్పలేదా?” అని అత్తయ్య అన్నప్పుడు నేను చేసేదీ అదే. మాట చివరిదాకా దాటేసి, తరవాతి మాట నుంచి వింటాను.

అన్నిటికంటే కష్టమైనది రిజిస్టర్ల పని. రిజిస్టర్ అంటే చిప్ తన చేతికి అందేలా ఒక విలువను పెట్టుకునే చిన్న అర. మా చిప్‌లో అవి ఎనిమిదే. ప్రోగ్రాంలో విలువలు ముప్ఫై ఉంటాయి. రెండు పొయ్యిల స్టవ్ మీద ఆరు వంటలు చేసినట్టు, ఏది ఇప్పుడు కావాలి, ఏది పక్కన పెట్టాలి, ఏది ఇక అక్కర్లేదు అని కంపైలరే తేల్చుకోవాలి. అక్కర్లేదని తేలినదాని అరను ఇంకొకదానికి ఇచ్చేస్తుంది. మగ్గం పనిలో చిక్కేమిటంటే అది ఒకే వరసలో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. చుట్టు చివరకొచ్చేసరికి అక్కర తీరిందనిపించినది, మళ్ళీ చుట్టు మొదట్లో కావలసి వస్తుంది. అందుకని ప్రోగ్రాంని కింది నుంచి పైకి ఒకసారి చూసి, మళ్ళీ చూసి, ముందు చూసినదానికీ ఇప్పుడు చూసినదానికీ తేడా లేదని తేలేదాకా తిరగాలి. నేను అలాగే రాశాను. సంజయ్ నా భుజం మీంచి చూసి, “ఒకేదాన్ని మూడు నాలుగుసార్లు తిరగడవేటే? టైము దండగ. ఒక్కసారి తిరిగితే సాలదా?” అన్నాడు. చాలదని చెప్పాను. ఎందుకు చాలదో కూడా చెప్పాను. అప్పుడు ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆ సంభాషణ ఎనిమిది నెలల తరవాత, ఈ రోజు, ఉల్లిపాయల వాసనలో నాకు మళ్ళీ గుర్తొచ్చింది. పదకొండింటికి సంజయ్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. స్పీకర్ పెట్టి, నన్ను మాట్లాడొద్దన్నట్టు పెదవుల మీద వేలుంచాడు. శైలజగారు. మగ్గాలకి కంట్రోలర్లు చేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. మా కంపైలర్‌ని ఒక మగ్గం మీద పరీక్షిస్తున్నారు.

“సార్, మొదటి చుట్టు బాగానే ఉంది. తెగిన పోగులు లెక్కపెడుతోంది. రెండో చుట్టుకి వచ్చేసరికి ఆ లెక్క ఉండాల్సిన చోట వేరే అంకె కనిపిస్తోంది. ఆగాల్సిన చోట మగ్గం ఆగట్లేదు.”

ఆయన నావైపు చూశాడు. ఇది మాకు అలవాటే. సరుకుల చీటీ వెనక్కి తిప్పి రాశాను: చుట్టు చివర ఆ లెక్క ఏ రిజిస్టర్‌లో ఉందో చూడమనండి. ఆయన గొంతు సవరించుకుని అదే మాట అన్నాడు. అంతా తనే ఆలోచించినట్టు మధ్యలో ఒకచోట ఆగాడు కూడా.

“ఆ రిజిస్టర్‌ని మగ్గం వేగానికి ఇచ్చేసింది సార్. లెక్కతో ఇక పని లేదనుకుంటోంది.”

నేను రాశాను: తేడా లేదని తేలేదాకా తిరుగుతోందా? ఎన్నిసార్లు తిరుగుతోంది?

ఆ వాక్యం ఆయన చదివాడు. పైకి అనలేదు. ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“అది... నేనే మార్చేను.”

“ఎప్పుడు?”

“థీసిస్ ఇచ్చే ముందు. స్పీడు బాగా కనబడతాదని ఒక్కసారికి కుదించేను. పరీక్షలన్నీ పాసయ్యేయి కదే.”

నాలుగేళ్ళలో ఆయన తన చేత్తో ఆ కంపైలర్‌లో మార్చింది ఆ ఒక్కచోటే. గిన్నెలు ఒకసారి తోమితే ఇక తోమక్కర్లేదనుకునే మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది. రోజూ తిరిగి మొదలయ్యే పని ఏదీ చేయనివాడికి, నిన్న అక్కర తీరినది ఈ ఉదయం మళ్ళీ కావాలని ఎలా తెలుస్తుంది? నాకు కోపం రాలేదు. అలసటగా అనిపించింది.

“సార్, పక్కన ఎవరైనా ఉన్నారా? ఏదో గొంతు వినిపించింది” అన్నారు శైలజగారు.

“మా మిసెస్ అండీ. వంట పనిలో ఉంది.”

“మేడమ్ కూడా కంప్యూటర్సేనా?”

ఆయన చిన్నగా నవ్వాడు. “ఎప్పుడో చదివిందిలెండి.”

సోమవారానికల్లా ఇది సరిచేసి తీసుకురమ్మని, కొత్త చిప్ సంగతి కూడా ఆ రోజే మాట్లాడదామని, సాయంత్రం కూడికకి తాను వస్తానని చెప్పారావిడ. కొత్తవలసలోనే ఉంటానని, రైలెక్కితే ఎంతోసేపు పట్టదని అన్నారు.

ఫోన్ పెట్టేశాక సంజయ్ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎప్పుడూ గొంతు పెంచడు. అదే కష్టం. “పులిహోర కలిపేలోపు అది బాగుసేసేయవా? ఇంకో మాట. ఆ కంపెనీ వోళ్ళు నన్ను విశాఖలో ఉద్యోగానికి తీసుకుంటావంటన్నారు. కొత్త చిప్పుకి దించే వెనక సగమంతా మళ్ళీ రాయాలంట. నేనెలాగూ అటూ ఇటూ తిరగాల. నువ్వు ఇంటికాడే కదా ఉంటావు, మెల్లగా రాద్దువుగాని.”

“పేరు ఎవరిది ఉంటాదండీ?”

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. “పేరేటి మధ్యన? నాదైతేనేటి, నీదైతేనేటి? మనం ఒకటే కదా.”

ఒకటే అయితే నాదే పెట్టమని అనవచ్చు. గొంతు దాకా వచ్చింది. బయటినుంచి అత్తయ్య, “చింతపండు పిసికేవా? బేగి కానీ!” అని కేకేసింది. సంజయ్ వెళ్ళిపోయాడు. నేను ఆయనకి సరే అనలేదన్న సంగతి ఆయన గమనించలేదు.

చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచాను. ఆయన తీసేసిన మూడు లైన్లు తిరిగి రాయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. చేయకుండా ఉండవచ్చు కదా, సోమవారం ఆయనే తేల్చుకుంటాడు కదా అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఆగని మగ్గం ముందు ఉండేది ఎవరో ఒకరి చెయ్యి. నల్లబడిన వేలికొసలు నాకు బాగా తెలుసు. సరిచేసి, పరీక్షించి, మూసేశాను. ఫైలు పైన, రాసినవారి పేరు దగ్గర సంజయ్ అనే ఉంది. ప్రతి ఫైలుకీ అలా పెట్టింది నేనే. మొదటిరోజున ఆయన అడగనైనా అడగలేదు. అలవాటుగా పెట్టేశాను. స్కూటీ కాగితాల దగ్గర్నుంచి గ్యాసు పుస్తకం దాకా మా ఇంట్లో అన్నీ ఆయన పేరు మీదే ఉంటాయి.

మధ్యాహ్నమంతా అత్తయ్య చెప్పిన రెండు మాటలనే నోట్లో తిప్పుకున్నాను. మా ఆయన ఆరేళ్ళు నిద్దర మానుకుని. బియ్యం కడుగుతూ ఒకసారి, పోపు వేస్తూ ఒకసారి. ప్రతిసారీ ఆ వాక్యం సగంలోనే ఆగిపోయింది. ఆయన నిద్ర మానుకున్న రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. పైగా శైలజగారు ఎదురుగా ఉంటారు. అరవై మంది ముందు, ప్రార్థన చేసిన నోటితో, నేను ఆ మాట అన్నానంటే ఇక ఎప్పటికీ అదే నిజమవుతుంది. ఇంతవరకూ నేను చెప్పకుండా ఉన్నాను, అంతే. చెప్పకపోవడం వేరు.

నాలుగున్నరకి జనం వచ్చారు. ఐదింటికి పాటలు మొదలయ్యాయి. బంగాళదుంప కూర పెద్ద డేగిసాలో సన్నని సెగ మీద ఉంచి, నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. కాటన్ చీర కట్టుకుని, వెనక వరస కుర్చీలో ఒంటరిగా కూర్చున్నావిడే శైలజగారని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

సంజయ్ సాక్ష్యం బాగా చెప్పాడు. దేవుడికి, తల్లిదండ్రులకి, గైడ్‌గారికి, కాలేజీకి కృతజ్ఞతలు చెప్పాడు. మిల్లులో నాన్న పడిన కష్టం చెబుతుంటే మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివర్లో, “నా భార్య మెర్సీ. నాకు వేళకి టీ ఇచ్చి ఎంతో సహకరించింది” అన్నాడు. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఎవరో, “టీ బాగుంటేనే డాక్టరేట్ వస్తాదిరా!” అన్నారు. మళ్ళీ నవ్వులు. సమాజం ఆడవాళ్ళు నావైపు తిరిగి ఆప్యాయంగా చూశారు. ఆ చూపుల్లో ఏ చెడూ లేదు.

“ఇప్పుడు మన సహోదరి మెర్సీ రెండు మాటల్లో సాక్ష్యం చెబుతారు” అన్నారు పాస్టరుగారు.

కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకి వెళ్ళాను. మొదటి వరసలో కూర్చున్న అత్తయ్య నా మణికట్టు పట్టుకుని, “బయపడకు. రెండు ముక్కలు సెప్పేసి వచ్చీ” అంది మెల్లగా. ఆ చేతిలో నిజంగా ప్రేమ ఉంది. దానివల్లే నాకు అడగాలనిపించింది.

“అత్తయ్యా, నిజవే సెప్పాలి కదా?”

ఆవిడ వింతగా చూసింది. అరవై మందీ వింటున్నారు. “అదేటి పిల్లా? సాక్ష్యవంటే నిజవే సెప్పాల” అంది.

మైకు నాకు ఎత్తుగా ఉంది. ఎవరూ దించలేదు. నేనే దించుకున్నాను.

“అందరికీ వందనాలు. మా ఆయనకి వచ్చిన ఆలోచన మంచిది. ఆ కంపైలర్ రాసింది మాత్రం నేను. నాలుగేళ్ళు, పగలు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, ఆ వంటింట్లో కూర్చుని రాశాను.”

నా గొంతు స్పీకర్లోంచి తిరిగి నాకే వినిపించింది. ఇంత నెమ్మదిగా ఉంటుందా నా గొంతు అనుకున్నాను. సంజయ్ నేలకేసి చూస్తున్నాడు. కోపంగా లేడు. వెనక వరసలో కుర్చీలో వెనక్కి వాలి ఉన్న శైలజగారు ముందుకి జరిగి కూర్చున్నారు. పాస్టరుగారు కాగితం వైపు చూసుకున్నారు, తరవాతి పేరు ఏదైనా ఉందేమో అని.

అప్పుడు వంటింట్లోంచి కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. ముందు వరసకి, తరవాత అందరికీ తెలిసింది. అరవై మంది ఒకేసారి నావైపు చూశారు. నా పాదాలు వాటంతట అవే గుమ్మం వైపు తిరిగాయి. ఆపుకున్నాను.

అత్తయ్య లేచి నిలబడింది.

కూర్మయ్య తాత గుర్తొచ్చాడు. ఆవిడ నా ఎదురుగా వచ్చి, నా ముఖంలోకి చూసింది. నేను చూపు దించలేదు. నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ కట్టేసిన చప్పుడు, డేగిసా కిందికి దించిన చప్పుడు షామియానా దాకా వినిపించాయి. ఆవిడ తిరిగి రాలేదు. నేను ఎప్పుడూ నిలబడే గుమ్మం దగ్గరే ఆగి, మసిగుడ్డ చేత్తో పట్టుకుని, “రెండు మాటలన్నాను కదా. రెండోది సెప్పు” అంది.

“సోమవారం ఆ కంపెనీకి నేను వెళ్తాను” అన్నాను. “కొత్త చిప్‌కి నా పేరు మీదైతేనే రాస్తాను.”